ఇంట్లో చేసుకున్న ఏరోపోనిక్ బకెట్‌లో మిరియాల తీగ ముక్కలు నల్లబడుతున్నాయి, సలహా చెప్పండి

జయపురం వైండింగ్:

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. మా మామగారికి పొట్టంగి పైన కాఫీ తోట ఉంది. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు బాగా ఎదిగాయి. వాటికి మిరియాల తీగలు ఎక్కించాలని ఆయన ఎన్నాళ్లుగానో అనుకుంటున్నారు. బయట కొన్న మొక్కలు పెడితే రెండో వానాకాలం దాటడం లేదు. కానీ తోట గట్టు మీద పనస చెట్టుకి ఒక పాత తీగ ఉంది. పన్నియూర్-1 అనే మిరియం రకమని అప్పట్లో ఇచ్చినవాళ్లు చెప్పారట. చుట్టుపక్కల తీగలు పోయినా అది చెక్కుచెదరలేదు. ఏటా గుత్తులు నిండుగా వేస్తుంది. పెడితే దాని పిల్లలే పెట్టాలని మామగారి పట్టుదల. ఒక్క తీగ నుంచి ఎక్కువ మొక్కలు రావాలి, తొందరగా రావాలి. అందుకే ఈ ఏరోపోనిక్ బకెట్ కట్టాను, అంటే తీగ ముక్కల్ని మట్టి లేకుండా గాలిలో వేలాడదీసి, నీటి తుంపర కొట్టి వేళ్లు తెప్పించే డబ్బా.

20 లీటర్ల తెల్ల పెయింట్ డబ్బా. అడుగున 18 వాట్ల కూలర్ పంపు. దాని మీద అరంగుళం పీవీసీ పైపుతో ప్లస్ ఆకారంలో ఫ్రేము, దానికి డ్రిప్ షాపులో దొరికే 360 డిగ్రీల మైక్రో జెట్లు. మూతకి హోల్ సాతో రంధ్రాలు కొట్టాను. పాత యోగా మ్యాట్‌ని బిళ్లలుగా కోసి, ఒక పక్క చీల్చి, అందులో ముక్కను బిగించి రంధ్రంలో కూర్చోబెట్టాను. పంపు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. నీళ్లలో 19:19:19 ఎరువు కొద్దిగా కలిపాను. డబ్బా షాపు వెనక రేకుల షెడ్డులో ఉంది.

ముక్కలు మొదటి వారం పచ్చగానే ఉంటున్నాయి. ఆ తర్వాత కోసిన చివర నల్లబడుతుంది. నలుపు పైకి పాకి కణుపు దాకా వచ్చేసరికి తొక్క వేలికి ఊడి వస్తుంది, జిగురుగా, వాసనతో. ఒకటి మొదలైతే వరసగా మిగతావీ అంతే. జెట్లు ఏవీ మూసుకుపోలేదు, తడి అన్నిటికీ అందుతోంది.

నేను చూసిన వీడియోలన్నీ విదేశాలవి. వాళ్లు పెట్టేవి గంజాయి కొమ్మలు. పది రోజులు తిరిగేసరికి తెల్లటి వేర్లు బకెట్‌లోకి వేలాడుతూ కనిపిస్తాయి. అదే డబ్బా, అదే పంపు. మిరియానికి ఎందుకు పనిచేయడం లేదు? ఆ తీగకి వయసైపోతోంది, మామగారికీ వయసవుతోంది. ఈ పని ఎలాగైనా చేసి పెట్టాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి మల్లెతోట:

నేను మల్లె, గులాబీ కొమ్మలు ఇలాంటి డబ్బాలోనే పెడతాను. వేర్లు వచ్చే పొడి అద్దారా? అద్దకపోతే ముందు అది చేయండి. కుళ్లు రాకుండా కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపిన నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టి పెట్టండి. మాకు మల్లెకి బాగానే పనిచేసింది. డబ్బా తెల్లది అంటున్నారు కాబట్టి నల్ల రంగు వేయండి, వెలుతురు లోపలికి పోతే పాచి పడుతుంది.

సెమిలిగుడ నర్సరీ:

తమ్ముడూ, ఫ్రేము, పంపు, జెట్లు నువ్వు చెప్పినట్టే ఉంటే వాటిని కదపక్కర్లేదు. మల్లెతోట వారు చెప్పిన నల్ల రంగు తప్పకుండా వెయ్యి. కానీ మిరియానికి కార్బెండజిమ్ మీద నమ్మకం పెట్టుకోకు. అదెందుకో చెబుతాను.

"ఒకటి మొదలైతే వరసగా మిగతావీ" అన్నావు చూడు, అసలు సంగతి ఆ మాటలోనే ఉంది. మిరియానికి పెద్ద శత్రువు ఫైటాఫ్తోరా. తోటలో మొదలు కుళ్లి తీగ రోజుల్లో వాడిపోతుందే, అదే. మీ మామగారి కొన్న మొక్కలు రెండో వానాకాలానికి పోవడం కూడా చాలావరకు దాని పనే అయి ఉంటుంది. అది మామూలు బూజు జాతి కాదు. దాని బీజాలకి చిన్న తోకలుంటాయి, నీళ్లలో ఈదుకుంటూ పోతాయి. కార్బెండజిమ్ మామూలు బూజుల మీద పనిచేస్తుంది, దీని మీద చేయదు. దీనికి మెటలాక్సిల్ కలిసిన మందులు కావాలి. మట్టి సంచిలో ఒక మొక్కకి వస్తే ఆ సంచి తీసి పారేస్తాం, పక్కది బతుకుతుంది. నీ డబ్బాలో ఉన్నది ఒకే నీళ్లు. రోగం ఉన్న ఒక్క ముక్కని కడిగిన నీటినే పంపు లాగి, తిరిగి అన్నిటి మీదా కొడుతుంది. ఊరంతా ఒకే చెరువు నీళ్లు తాగుతున్నట్టు.

అందుకని పని డబ్బా దగ్గర మొదలుపెట్టకూడదు, పనస చెట్టు దగ్గర మొదలుపెట్టాలి. తీగ మొదట్లోంచి నేల మీద పాకే కొమ్మలు వస్తాయి, వాటి నుంచే ముక్కలు తీస్తాం. అవి మట్టిని తాకితే కణుపు కణుపుకీ వేళ్లు దించేస్తాయి, మట్టిలోని రోగమూ అంటుతుంది. పక్కన ఒక కర్ర పాతి, ఆ కొమ్మల్ని నేలకి తగలకుండా దానికి చుట్టి పెట్టమని మామగారికి చెప్పు. మా నర్సరీలో తల్లి తీగలన్నీ అలాగే ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో కోస్తాం. చివరి లేత భాగం వద్దు, మొదట్లో ముదిరింది వద్దు, మధ్య మూడో వంతు తీసుకో. రెండు మూడు కణుపుల ముక్క. కింది కణుపుకి అర అంగుళం దిగువన పదునైన బ్లేడుతో కొయ్యి, కత్తెరతో కోస్తే కాడ నలుగుతుంది. ఒక్కో ముక్కకి బ్లేడుని స్పిరిట్‌తో తుడువు.

ఇక నీళ్ల వేడి. ఆగకుండా తిరిగే పంపు నీటిలోనే మునిగి ఉండి దాన్ని కాస్తుంది. పైన రేకుల షెడ్డు. వంట థర్మామీటర్ అయినా సరే, మధ్యాహ్నం మూడింటికి నీళ్లలో పెట్టి చూడు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకి ఏడున్నరకి పడిపోతుంది. అదే వేడికి కుళ్లబెట్టే జీవులు హుషారవుతాయి. ముక్కకి ఊపిరాడని చోట వాటికి పండగ. 20 నుంచి 25 మధ్య ఉంచగలిగితే సగం కష్టం తీరుతుంది. పంపుకి సైక్లిక్ టైమర్ పెట్టు, ఒక నిమిషం తిరిగి నాలుగు నిమిషాలు ఆగేలా. ఆగినప్పుడు లోపల తేమ ఎలాగూ ఉంటుంది, కణుపుకి గాలి తగులుతుంది. నువ్వు వైండింగ్ పనివాడివి, ఆ టైమర్ నీకు నిమిషాల పని.

19:19:19 తీసెయ్యి. వేరు లేని ముక్క ఎరువుని తాగలేదు, పాచీ బ్యాక్టీరియా తాగుతాయి. వేళ్లు కనిపించే దాకా ఉత్త నీళ్లు. మూడు రోజులకోసారి మొత్తం మార్చు. కొత్త దఫా పెట్టే ముందు ఒక పాలు బ్లీచ్‌కి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి పంపుని పావుగంట తిప్పి, మంచినీళ్లతో రెండుసార్లు కడుగు. పాత యోగా మ్యాట్ బిళ్లలు పారెయ్యి, వాటి సందుల్లోకి బ్లీచ్ దిగదు.

గంజాయి వీడియోల సంగతి. ఆ కాడ మెత్తటిది, ఏడాది పంట మొక్క. ముక్క ఎక్కడ తడిస్తే అక్కడే వేరు వేస్తుంది, వారం పది రోజుల్లో అయిపోతుంది. మిరియం కొమ్మ వేరు వేసేది ముఖ్యంగా కణుపు దగ్గరే, చెట్టుని పట్టుకునే చిన్న వేళ్లు అక్కడ ముందే ఉంటాయి. కణుపు ఫోమ్ బిళ్లలో ఇరుక్కుని, కింద ఉత్త కాడ తడుస్తూ ఉంటే ఏమీ రాదు, కాడ కుళ్లుతుంది. కింది కణుపు బిళ్లకి దిగువన వేలెడు దూరంలో వేలాడాలి, జెట్ తుంపర సరిగ్గా దానికే తగలాలి. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టు. వాళ్ల దగ్గర డబ్బా కట్టే పద్ధతి నేర్చుకుంటే చాలు. మన కొండల్లో ఆ మొక్క వల్ల ఎన్ని కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయో నీకూ తెలుసు, 1985 మాదకద్రవ్యాల చట్టం కింద దాని సాగుకి పదేళ్ల దాకా కఠిన జైలు ఉంది. మన కుర్రాళ్లు ఈ డబ్బాలు కట్టడం నేర్చుకుంటున్నారంటే, అది మిరియానికీ, మల్లెకీ పనికొస్తే నాకు చాలా సంతోషం.

బాగున్న ముక్క ఎలా ఉంటుందో చెబుతాను, గుర్తుపట్టడానికి. కోసిన చివర లేత గోధుమ రంగుకి తిరిగి గట్టిపడుతుంది. వేలితో నొక్కితే కరకరలాడేంత గట్టిగా ఉండాలి. కణుపు మీద ఎండిన పీచులా ఉన్న పాత వేళ్ల మధ్య నుంచి ఆవగింజలో సగం అంత తెల్ల బొడిపెలు లేస్తాయి. వాటి కొన మెరుస్తూ ఉంటుంది. ఆ తెలుపు పసుపుకి తిరిగితే నీళ్లు వేడెక్కాయని అనుకో.

జయపురం వైండింగ్:

అక్కా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే మధ్యాహ్నం చూశాను. నీళ్లు 31 డిగ్రీలు. కణుపులు కూడా సగానికి పైగా బిళ్లలోనే ఇరుక్కుని ఉన్నాయి. రోజూ చూస్తున్నా ఇది కంటికి ఆనలేదు. డబ్బాని పొట్టంగికి తీసుకెళ్లిపోతే ఎలా ఉంటుంది? అక్కడ చల్లదనం ఉంది కానీ గాలివాన వస్తే కరెంటు గంటల తరబడి ఉండదు. ఇంకో మాట, తీగకి నేల మీద పాకే కొమ్మలు తక్కువ. పక్కలకి వచ్చిన కాయ కొమ్మలు మాత్రం బోలెడు. అవి పెట్టకూడదా?

చింతపల్లి కాఫీ రైతు:

బాబూ, కాయ కొమ్మలు పెట్టు కానీ సిల్వర్ ఓక్‌కి ఎక్కించాలనుకుంటే వద్దు. పక్క కొమ్మకి వేళ్లు వచ్చినా అది పాకదు, గుబురుగా అక్కడే ఎదిగి పొద మిరియం అవుతుంది. కుండీలో ఇంటి ముందు పెట్టుకుంటే మొదటి ఏడాదే కాయ పట్టొచ్చు, అది వేరే అందం. దానికి వేళ్లు రావడం మొండి. లీటరుకి 1 గ్రాము లెక్కన ఐబీఏ (వేళ్లు తెప్పించే హార్మోన్) ద్రావణంలో 45 సెకన్లు ముంచి పెడతారు. పైకి ఎక్కే తీగ కావాలంటే పాకుడు కొమ్మే దిక్కు.

పాకుడు కొమ్మలు తక్కువని దిగులు పడకు. డబ్బాలో ఓ పది మొక్కలు బతికినా చాలు. వాటిని పెద్ద సంచుల్లో పెట్టి, ఎదిగే తీగని నేల మీద పాము నడకలా సాగనివ్వు. ప్రతి కణుపు కింద మట్టి నింపిన చిన్న సంచి పెట్టి, కొబ్బరి ఈనెని వంచి కణుపుని దానిలోకి గుచ్చు. కణుపు కణుపుకీ వేళ్లు దిగాక కోసి విడదీయి. కోళికోడ్ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ వాళ్లు ప్రచారం చేసిన పద్ధతి ఇది. ఒక్కో తల్లి మొక్క నుంచి ఏడాదికి 60 దాకా తీయొచ్చు. దీనికి కరెంటు అక్కర్లేదు. డబ్బా మొదటి పదిమందిని తయారుచేయడానికి, మిగతా పని నేలకి వదిలెయ్.

పన్నియూర్-1కి వెలుతురు కావాలి, మరీ చీకటి నీడలో గుత్తి సరిగా వెయ్యదు. సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టించి కాస్త ఎండ పడేలా చూడమని మామగారికి చెప్పు.

సెమిలిగుడ నర్సరీ:

చింతపల్లి అన్నయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం. నేనూ ఎక్కువ మొక్కలు అలాగే కడతాను.

తమ్ముడూ, పొట్టంగికి తీసుకెళ్లు, మంచిదే. ఇంటికి ఉత్తరం పక్క నీడలో డబ్బాని తడి ఇసుక నింపిన సిమెంటు తొట్టిలో సగం దాకా దింపి, పైన తడి గోనె చుట్టు. వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి గోనె అంతగా చల్లబరచదు, అప్పుడు ఇసుకే ఆధారం. చలికాలంలో దఫా పెట్టకు, ఆ ఎత్తులో రాత్రి చలికి మిరియం కదలకుండా కూర్చుంటుంది. కరెంటుకి 12 వోల్టుల డీసీ పంపు పెట్టి పాత బైకు బ్యాటరీ తగిలించు. ఒక నిమిషం తిరిగి నాలుగు నిమిషాలు ఆగే లెక్కలో అది చాలాసేపు లాగుతుంది. గంటా రెండు గంటలు ఆగినా మూత గట్టిగా ఉంటే ముక్కలకి ఏమీ కాదు, టెన్షన్ పడకు. వేళ్లు దిగాక మాత్రం అంతసేపు ఆగనివ్వకు, వేలాడే వేరు తొందరగా ఎండుతుంది.

వేళ్లు అంగుళం అయ్యాయంటే తీసెయ్యి. ఇంకా బారుగా రావాలని ఆశపడితే సంచిలో పెట్టేటప్పుడు విరుగుతాయి. నీళ్లలో పెరిగిన వేరు పెళుసు. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, అందులో ట్రైకోడెర్మా (కుళ్లు రోగాల్ని అణచే మేలు బూజు) కలిపి సంచులు సిద్ధంగా ఉంచుకో. వేళ్లని పరిచి, మట్టిని నొక్కకుండా పోసి, నీళ్లతోనే సర్దుకోనివ్వు. మొదటి రెండు వారాలు పైన పాలిథిన్ కప్పి నీడ వల కింద ఉంచు, తర్వాత రోజుకి కాసేపు తీస్తూ అలవాటు చెయ్యి.

ముందు డబ్బా కడుక్కో. కర్ర ఇవాళే పాతించమని మామగారికి ఫోన్ చెయ్యి. కొత్త కొమ్మ చుట్టుకోవడానికి టైం పడుతుంది. కోసే ముందు రోజు ఫోటో పెట్టు, ఎక్కడ కొయ్యాలో గుర్తు పెట్టి పంపిస్తాను.