ఏటీపీ తెగితే శక్తి వస్తుందా, తెంచడానికే శక్తి కావాలా?

నమస్కారమండీ. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే ఫస్ట్ పీయూసీ. నేను ఇంటర్‌లో ఎంపీసీ, బయాలజీని పదో తరగతితోనే వదిలేసినవాణ్ణి. నిన్న రాత్రి అన్నాల దగ్గర అది అడిగినదానికి నీళ్లు నమిలాను.

బంధం తెంచాలంటే శక్తి పెట్టాలని కెమిస్ట్రీ సారు చెప్పారట. బయాలజీలోనేమో ఏటీపీ (కణాలకి శక్తినందించే, మూడు ఫాస్ఫేట్‌లున్న అణువు) చివరి ఫాస్ఫేట్ తెగితే మోల్‌కి సుమారు 30.5 కిలోజౌళ్లు విడుదలవుతాయని ఉంది. "ఏది నిజం నాన్నా?" అంది. చదివాక నాకు అర్థమైంది ఇదీ: తెంచడానికి ఖర్చవుతుంది, కానీ నీటితో చర్య జరిగి వచ్చే ఏడీపీ (రెండు ఫాస్ఫేట్‌లే మిగిలిన అణువు), విడి ఫాస్ఫేట్ మరింత స్థిరమైనవి. పక్కపక్కనే ఇరుక్కున్న రుణావేశాలు కూడా విడిపోతాయి. మొత్తం మీద మిగులే. ఇంతవరకు సరేనా?

అసలు చిక్కు ఆ తర్వాత. ఊరికే నీళ్లలో తెగితే అదంతా వేడిగా పోతుంది కదా, మరి పనెలా అవుతుంది? కణం పొరలో ఉండే సోడియం-పొటాషియం పంపు అనే ప్రొటీన్ ఉంది కదా, అందులో ఫాస్ఫేట్ నేరుగా ప్రొటీన్‌కే అతుక్కుని ఆకారం మారుస్తుంది. ఒక ఏటీపీకి 3 సోడియం అయాన్లు బయటికి, 2 పొటాషియం లోపలికి. ఇది ఊహకందింది. కండరంలో లాగే పని చేసే మయోసిన్ అనే ప్రొటీన్ దగ్గరే ఆగిపోయాను. అక్కడ ఫాస్ఫేట్ ప్రొటీన్‌కి అతుక్కోదు. ఏటీపీ వచ్చి కూర్చోగానే మయోసిన్ తాను పట్టుకున్న యాక్టిన్ అనే ప్రొటీన్ పోగుని వదిలేస్తుంది, ఏటీపీ తెగాక ఎక్కుపెట్టినట్టు తల వెనక్కి వంచుతుంది, మళ్లీ యాక్టిన్‌ని పట్టుకుని, ఫాస్ఫేట్ జారిపోయేటప్పుడు లాగుతుంది. చనిపోయాక ఒళ్లు బిగుసుకునేది ఏటీపీ లేక పట్టు వదలకపోవడం వల్లేనట! అంటే ఏటీపీ కావలసింది వదలడానికా, లాగడానికా? శక్తి ఫలానా మెట్టులో వచ్చిందనుకోవడమే తప్పా?

సమీకరణాలున్నా ఫర్వాలేదు, లెక్కలకి భయపడను. బుధవారం దానికి పరీక్ష, కాస్త ముందుగా చెప్పగలరు.