రెండ్రోజుల కొలిమి శిక్షణ: దేని మీద దృష్టి పెట్టాలి? (తిరుపతి)

తిరుపతి_ఆకురాయి
శని, ఆదివారాల్లో కత్తులు చేసేవాళ్ళు తిరుపతి దగ్గర కలుస్తున్నారు. రుద్ది ఆకారం తేవడం వచ్చు, కొలిమి పని, పాయనం (కాల్చి, ముంచి గట్టిపరచడం) రావు. లారీ కమాన్ పట్టీ ముక్కలు తీసుకుపోవచ్చా?

కమ్మరి_చిత్తూరు
తీసుకుపో తమ్ముడూ. పాత పట్టీలో కంటికి కనపడని పగుళ్ళుంటాయి, మధ్య బోల్టు రంధ్రం దగ్గర మరీను. ఆ భాగం కోసి పారేయ్.

కత్తి పూర్తిచేసి ఇంటికి తెచ్చుకోవాలని మాత్రం చూడొద్దు. రుద్దడం ఇంట్లోనూ చేసుకోవచ్చు. అక్కడ నేర్చుకోవాల్సింది వేడి. ఒకే పట్టీలోంచి వేలెడంత ముక్కలు ఆరు కోసుకుపో. ఒక్కోదాన్ని ఒక్కో వేడిలో తీసి నూనెలో ముంచు, వైస్‌లో బిగించి, గుడ్డ కప్పి, సుత్తితో కొట్టు. విరిగినచోట సన్నటి బూడిదరంగు రేణువు ఉంటే వేడి సరిగ్గా కుదిరినట్టు. పంచదార పలుకుల్లా మెరిస్తే ఎక్కువైంది. విరక్కుండా వంగితే చాల్లేదు. ఈ ఆరు ముక్కలు నేర్పినంత, చేసిన కత్తి నేర్పదు.

రేణిగుంట_వెల్డర్
అన్న చెప్పింది నిజం. కాలుతున్న ఇనుముకి 770 డిగ్రీల దగ్గర అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది, చాలామంది అక్కడే ముంచేస్తారు. కమాన్ పట్టీకి 830 దాకా పోవాలి, అంటే అయస్కాంతం వదిలాక ఇంకొంచెం రంగు తేలాలి. ఎండలో ఆ రంగు కనపడదు. ఎర్రగా కాలింది కూడా నల్లగానే తోచి, ఇంకా కాల్చేస్తారు. కొలిమి నీడలో పెట్టమని అడుగు, పాయనం పొద్దుగూకినాక పెట్టుకో.

ముంచేముందు మూడుసార్లు కాల్చి గాలికి ఆరనివ్వు, ఒక్కోసారీ వేడి కాస్త తగ్గిస్తూ. సుత్తి దెబ్బల ఒత్తిడి పోయి రేణువు సన్నబడుతుంది. ఇది ఎగ్గొడితే కత్తి నూనెలో వంకరపోవచ్చు.

దాగలి (సుత్తితో కొట్టే ఇనుప దిమ్మ) మీద ఇంకో సంగతి. అంచు పలచన చేసేకొద్దీ అటువైపు సాగి, కత్తి వెన్ను వైపు వంగిపోతుంది. అందుకే ముందే అంచు వైపు కాస్త వంచి మొదలుపెట్టాలి. ఎరుపు పోయాక దెబ్బ వేయొద్దు, పగుళ్ళొస్తాయి.

తిరుపతి_ఆకురాయి
నూనె ఏదన్నా? మన ఊళ్ళల్లో కొడవళ్ళకి నీళ్ళే వాడతారు కదా?

కమ్మరి_చిత్తూరు
కొడవలికి అంచు మాత్రమే ముంచి తీస్తారు. వెన్నులో మిగిలిన వేడి అంచుకి పాకి రంగు మారేటప్పుడు మళ్ళీ ముంచుతారు. ఆ చెయ్యి కుదరడానికి ఏళ్ళు పడుతుంది. కమాన్ పట్టీని నీళ్ళలో ముంచితే పగిలే ప్రమాదం చాలా ఎక్కువ, 'టింగ్' మని వినపడితే అయిపోయినట్టే.

వేరుశనగ నూనె 5 లీటర్లు, 55 డిగ్రీలకి వెచ్చచేసి వాడు. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని సరిగా లాగదు. నిలువు ఇనుప డబ్బా, దానికి మూత. మంటొస్తే మూత వేయాలి, నీళ్ళు పోయనే కూడదు. మొన ముందుగా నిలువునా దించు, పక్కలకి ఊపితే వంగుతుంది. ముంచేటప్పటికి అంచు 1.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి.

తీశాక అంచు మీద ఆకురాయి గీస్తే కొరక్కుండా జారాలి, అప్పుడే గట్టిపడినట్టు. కొరికితే వెంటనే మళ్ళీ కాల్చొద్దు, పైన కర్బనం పోయిన పొర ఉంటుంది, అది రుద్ది చూడు. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారగానే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, మళ్ళీ చల్లార్చి ఇంకో రెండు గంటలు. తెల్లారి చేద్దామని వదిలేస్తే ఊరికే పగిలిపోవచ్చు.

కాళహస్తి_పిడి
పిడికి ఎర్రచందనం ముక్క ఎవరిచ్చినా ముట్టుకోవద్దు సార్, పర్మిట్ లేకుంటే అటవీశాఖ కేసే. చింత చేవ, నల్లతుమ్మ చాలు, కానీ బాగా ఆరిన కట్టె కావాలి. వంటకో సేద్యానికో కాని కత్తి, పిడి కాకుండా, 9 అంగుళాల పొడవో, 2 అంగుళాల వెడల్పో దాటితే లైసెన్సు అడుగుతారు. నూలు బట్టలే వేసుకోండి. జింకు పూత ఇనుము కొలిమిలో పెట్టనివ్వొద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరమొస్తుంది.

రేణిగుంట_వెల్డర్
6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ ఒకటి జేబులో వేసుకుపో. పదును పెట్టాక అంచుని దాని మీద ఆనించి కొద్దిగా నొక్కుతూ జరుపు. అంచు వంగి తిరిగి నిలబడితే బాగుంది. వంగినది వంగినట్టే ఉంటే మెత్తన, మళ్ళీ పాయనం పెట్టాల్సిందే. చిట్లితే ఓవెన్ వేడి 15 డిగ్రీలు పెంచి ఇంకోసారి పెట్టు.