అప్‌డేట్: హెచ్‌ఈఐసీ ఫొటోలు జేపీజీలోకి మారాయి

ఐఫోన్‌లో తీసిన హెచ్‌ఈఐసీ (తక్కువ చోటులో ఫొటోను భద్రపరిచే ఫార్మాట్) ఫొటోలు నా పాత కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. కెమెరా సెట్టింగ్స్‌లో, ఫార్మాట్స్ కింద 'మోస్ట్ కంపాటిబుల్' (ఫొటోలను దాదాపు అన్నిచోట్లా తెరుచుకునే జేపీజీ ఫార్మాట్‌లో తీసే ఎంపిక) ఎంచుకోమన్న సూచన పనిచేసింది గాని, అది ఆ తర్వాత తీసే ఫొటోలకే వర్తిస్తుంది. అప్పటికే ఉన్నవాటి కోసం, ఫొటోస్ సెట్టింగ్స్‌లోని 'ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ' వద్ద 'కీప్ ఒరిజినల్స్' అని ఉన్నదాన్ని 'ఆటోమేటిక్'కు మార్చి, కేబుల్ ద్వారా మళ్లీ కాపీ చేయగా అవి జేపీజీలుగానే వచ్చాయి. ఫైలు పేరు చివరి అక్షరాలను మార్చినంత మాత్రాన (నేను మొదట చేసిన పొరపాటు అదే) లోపలి ఫార్మాట్ మారదు. కేబుల్‌లో లోపముందేమోనని కూడా అనుమానించాను గాని, అది అనవసరమని తేలింది. జేపీజీలు సాధారణంగా ఎక్కువ చోటు తీసుకుంటాయి కనుక, అసలు ఫొటోలను ఫోన్‌లో హెచ్‌ఈఐసీగానే ఉంచాను.