ఫ్రేజల్ వెర్బులు: 'పుట్' కుటుంబం మొత్తం ఒకే పేజీలో నేర్పడం మంచిదేనా?

పలకబలపం:
ఫ్రేజల్ వెర్బులంటే క్రియ పక్కన ఆన్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చేవి. స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాల్లో వాటిని నేర్పడానికి మామూలుగా కనిపించే పద్ధతి ఇది. 'పుట్' తీసుకుని దాని కింద ఆన్, ఆఫ్, ఔట్, అప్, అవే, త్రూ వరుసగా వేసి, పక్కన తెలుగు అర్థం ఇస్తారు. దీనివల్ల మేలు కంటే చేటే ఎక్కువని నా వాదన. అన్నిటికీ తల ఒకటే, తోకే వేరు. వారం తిరిగేసరికి వాయిదా వేయడం 'పుట్ ఆఫో', 'పుట్ ఔటో' తేలదు. పైగా ఆన్ పక్కనే ఆఫ్ కనిపిస్తే అవి వ్యతిరేకాలనుకుంటారు. చొక్కా వేసుకోవడం 'పుట్ ఆన్' సరే, విప్పడం మాత్రం 'టేక్ ఆఫ్'. ఈ సంగతి 'పుట్' పేజీలో ఉండనే ఉండదు.

నిఘంటుప్రియ:
ఒప్పుకోనండి. నిఘంటువులో వెతకాలన్నా క్రియ దగ్గరికే కదా వెళ్లాలి! తప్పు జాబితాది కాదు, దాని పొడవుది. ఒక విడతకు నాలుగు చాలు, అవీ అర్థంలో దూరంగా ఉన్నవి: వేసుకోవడానికి 'పుట్ ఆన్', సర్ది లోపల పెట్టడానికి 'పుట్ అవే', ఫోన్ కలపడానికి 'పుట్ త్రూ', భరించడానికి 'పుట్ అప్ విత్'. ఆఫ్, ఔట్ ఒకే రోజు చెప్పకుండా ఉంటే మీరన్న తికమక చాలావరకు తగ్గుతుంది.

గోదారిగట్టు:
ఇద్దరూ క్రియనే పట్టుకున్నారు, నేనైతే తోక నుంచి మొదలుపెట్టమంటాను. తెలుగువాళ్లకు అందులో ఒక సౌలభ్యం ఉంది. తినడానికీ తినేయడానికీ తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 'ఈట్', 'ఈట్ అప్' మధ్య ఉన్నది దాదాపు ఆ తేడానే. తాగేయ్ అంటే 'డ్రింక్ ఇట్ అప్', ఉన్నదంతా వాడేశారు అంటే 'యూజ్డ్ ఇట్ అప్'. పని పూర్తిగా అయిపోయిందని చెప్పే ఈ 'అప్' ఒక్కటి పట్టుబడితే పది క్రియలు వాటంతట అవే వస్తాయి.

నిఘంటుప్రియ:
పోలిక చాలా బాగుందండీ, కానీ హద్దు కూడా చెప్పాలి. పారేయ్ అంటే 'త్రో అవే', అక్కడ అప్ లేదు. చంపేయ్ అంటే ఉత్త 'కిల్'. ఇక 'పుట్ అప్ విత్'లోని అప్‌కు మీ సూత్రం అసలు అందదు.

గోదారిగట్టు:
నిజమే. అర్థం ఊహకు అందనివాటిని విడిగా, వాక్యంతోనే నేర్చుకోవాలి.

పలకబలపం:
ఆ వాక్యం ఎలా ఉండాలన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. మధ్యలో 'ఇట్' పెట్టి నేర్పాలి. 'పుట్ ఆఫ్ ద మీటింగ్', 'పుట్ ద మీటింగ్ ఆఫ్' రెండూ ఒప్పే. సర్వనామం వస్తే మాత్రం 'పుట్ ఇట్ ఆఫ్' ఒక్కటే ఒప్పు, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. మూడు ముక్కలవాటిలో చాలావాటికి మధ్యలో ఏదీ దూరదు: 'పుట్ అప్ విత్ ఇట్'. 'లుక్ ఆఫ్టర్' కూడా విడిపోదు: 'లుక్ ఆఫ్టర్ హర్'. కార్డుకు ఒకవైపు "మీటింగ్ రేపటికి వాయిదా వేశారు", రెండోవైపు 'దే పుట్ ఇట్ ఆఫ్ టిల్ టుమారో' రాసి, పైకి చదివేటప్పుడు ఊనిక 'ఆఫ్' మీద పెట్టాలి. ఉత్త 'పుట్ ఆఫ్ – వాయిదా' అని రాసిన కార్డులో వరుసా ఉండదు, ఊనికా ఉండదు.

గోదారిగట్టు:
కార్డు పద్ధతికి నా ఓటు. మన దగ్గర ప్రత్యేకంగా దొర్లే తప్పులకూ కార్డులు చేయండి. తెలుగులో "ఫ్యాన్ ఆఫ్ చెయ్" అంటాం కాబట్టి 'ఆఫ్ ద ఫ్యాన్' అనేస్తారు. 'టర్న్ ఆఫ్' అనాలి. వీడియో కాల్‌లో 'ఐ యామ్ పుటింగ్ ఆన్ ఎ బ్లూ షర్ట్' అంటే ఇప్పుడే తొడుక్కుంటున్నానని అర్థం. ఒంటి మీద ఉన్నదానికి 'వేరింగ్'.

నిఘంటుప్రియ:
ఇంకొకటి చేర్చండి, రెజ్యూమెల్లో తరచూ కనిపిస్తుంది. చదువు పూర్తయిందని 'పాస్డ్ ఔట్ ఇన్ 2019' అని రాస్తారు. ఇండియాలో అందరికీ అర్థమవుతుంది. అమెరికాలో చదివేవాళ్లకు మాత్రం స్పృహ తప్పి పడిపోయారని తోస్తుంది. అక్కడికి పంపేదాంట్లో 'గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019' అని ఉండాలి.