గోడాట్ 4.3: గుహ లెవెల్‌లో లైట్ పెడితే సీన్ తెల్లబారుతోంది, షాడో ఆన్ చేస్తే వెలుగే పోతోంది

గుహలోగువ్వ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. గోడాట్ గేమ్ ఇంజిన్‌లో, పైనుంచి చూసే 2డి గుహ గేమ్‌కి లైటింగ్ పెడుతున్నాను. టైల్ సైజు 16 పిక్సెళ్లు, బేస్ రిజల్యూషన్ 320×180, స్ట్రెచ్ మోడ్ కాన్వాస్ ఐటమ్స్, రెండరర్ మొబైల్, టార్గెట్ ఆండ్రాయిడ్. హీరో చేతిలో లాంతరు, గోడలకి కాగడాలు. అన్నీ పాయింట్‌లైట్2డి నోడ్లే, టెక్స్చర్‌గా గ్రేడియెంట్‌టెక్స్చర్2డి ఇచ్చాను.

లైట్ పెట్టగానే చీకట్లో వెలుగులా కాకుండా నేల తెల్లగా పాలిపోతోంది, వెలుగు చుట్టూ లీలగా చదరపు అంచు కూడా కనబడుతోంది. లాంతరుకి షాడో ఎనేబుల్ చేస్తే మొత్తం వెలుగు మాయం. కొన్ని గోడ కాగడాలదీ ఇదే పరిస్థితి. పెద్ద హాల్లో 20 కాగడాలున్నాయి; అక్కడ నడుస్తుంటే నేల మీద కొన్ని వెలుగులు టక్కున ఆరిపోయి మళ్లీ వస్తున్నాయి, అదీ సరిగ్గా ఒక నిలువు గీత దగ్గర తెగినట్టు. ఎక్కడ చూడాలో చెప్పగలరా?

దివిటీ

ఇవి దేనికది వేరు సమస్యలు, వరసగా చూద్దాం.

తెల్లబారడం: సీన్‌లో కాన్వాస్‌మాడ్యులేట్ (సీన్ మొత్తానికి ఒక రంగు పులిమే నోడ్) లేనట్టుంది. పాయింట్‌లైట్2డి బ్లెండ్ మోడ్ మామూలుగా యాడ్‌లో ఉంటుంది, అంటే ఉన్న రంగుకి వెలుగు కలుపుతుంది. సీన్ ముందే పూర్తి వెలుతురులో ఉంటే కలిపిందంతా తెలుపు వైపే పోతుంది. ముందు చీకటి చేయాలి. సీన్‌లో ఒక కాన్వాస్‌మాడ్యులేట్ పెట్టి (ఒక కాన్వాస్‌కి ఒకటే, రెండోది పెట్టినా పనిచేయదు) రంగు ఎరుపు 25, ఆకుపచ్చ 25, నీలం 45 దగ్గర మొదలుపెట్టండి. పూర్తి నలుపు ఇవ్వకండి. ఎండలో ఫోన్ పట్టుకున్నవాడికి గోడెక్కడో దారెక్కడో తెలియదు.

చదరపు అంచు: గ్రేడియెంట్‌టెక్స్చర్2డిలో ఫిల్ రేడియల్, ఫ్రమ్ 0.5, 0.5, టు 1, 0.5 ఉండాలి. టు ని మూలకి, అంటే 1, 1కి లాగితే టెక్స్చర్ అంచు మధ్యలోకి వచ్చేసరికి వెలుగు ఇంకా సున్నా కాదు, అక్కడే కోసినట్టు ఆగిపోతుంది. కొత్త గ్రేడియెంట్ నలుపుతో మొదలై తెలుపుతో ముగుస్తుంది కాబట్టి దాన్ని తిరగేయడం మర్చిపోకండి. యాడ్ మోడ్‌లో చివరి రంగు నలుపైనా సరే, పారదర్శకమైనా సరే. మిక్స్‌కి మారిస్తే మాత్రం పారదర్శకమే ఉండాలి, నలుపుంటే చుట్టూ నల్ల వలయం వస్తుంది. సైజు డిఫాల్ట్‌గా 64×64 ఉంటుంది, 128 చేయండి. టెక్స్చర్ స్కేల్ 1.5 ఇస్తే వ్యాసం 192 పిక్సెళ్లు, అంటే మీ లెక్కలో 12 టైళ్లు. లాంతరుకి అది చాలు.

షాడోతో వెలుగు పోవడం: లైట్ నోడ్ కేంద్రం ఏదైనా అక్లూడర్ (వెలుగుని అడ్డుకుని నీడ వేసే ఆకారం) పాలిగాన్ లోపల పడితే అన్ని వైపులా దారి మూసుకుపోతుంది. హీరోకి లైట్‌అక్లూడర్2డి ఉండి, లాంతరు దాని మధ్యలో ఉండుంటుంది. హీరో అక్లూడర్‌కి అక్లూడర్ లైట్ మాస్క్ 2 మాత్రమే ఇవ్వండి. లాంతరులో షాడో కింద ఉండే ఐటమ్ కల్ మాస్క్‌లో 1 మాత్రమే ఉంచండి, కాగడాల్లో 1, 2 రెండూ టిక్ చేయండి. అప్పుడు లాంతరు హీరోని పట్టించుకోదు, కాగడాలకి మాత్రం అతని నీడ పడుతుంది. రేంజ్ కింద కూడా అదే పేరుతో ఇంకో మాస్క్ ఉంది, అది వేరు: ఏ స్ప్రైట్ మీద వెలుగు పడాలో చెప్పేది. చాలామంది అక్కడ మార్చి ఏమీ జరగలేదంటారు.

హీరో అక్లూడర్‌ని ఒంటి మొత్తానికి గీయొద్దు. గీస్తే కాగడా దగ్గరికి వెళ్లగానే తన నీడలో తనే నల్లబడతాడు. పాదాల దగ్గర 8×4 పిక్సెళ్ల చిన్న పాలిగాన్ చాలు.

గోడ కాగడాలదీ ఇదే కథ. కాగడా స్ప్రైట్ గోడ టైల్ మీద ఉంది, లైట్ కూడా అక్కడే ఉంటే అది గోడ అక్లూడర్ లోపలే కదా. స్ప్రైట్‌ని కదపకుండా లైట్ నోడ్‌ని మాత్రం నేల వైపు 10 పిక్సెళ్లు దించండి. టైల్‌సెట్‌లో అక్లూజన్ లేయర్‌కి ఎఫ్ కీ నొక్కి టైల్ మొత్తాన్ని నింపేసి ఉంటే దాన్నీ మార్చండి: పాలిగాన్ గోడ పైకప్పు భాగానికే ఉండాలి, ఎదురుగా కనబడే రాతి ముఖం బయట ఉండాలి. లేదంటే రాతి మీద మీరు వేసిన బొమ్మంతా చీకట్లోనే ఉంటుంది. పక్కపక్క టైళ్ల పాలిగాన్లు అంచుకి అంచు తగలాలి, ఒక్క పిక్సెల్ సందున్నా అందులోంచి సన్నటి వెలుగు గీత వస్తుంది. విడిగా నిలబడ్డ స్తంభాలకైతే అక్లూడర్‌పాలిగాన్2డిలో కల్ మోడ్ వాడొచ్చు: క్లాక్‌వైజ్ పెట్టి చూడండి, తేడాగా ఉంటే కౌంటర్‌క్లాక్‌వైజ్. నీడ స్తంభం వెనక అంచు నుంచి మొదలై స్తంభం వెలుగులో ఉంటుంది.

టైల్‌తాత

నిలువు గీత దగ్గర తెగడం గురించి. ఒక్కో కాన్వాస్ ఐటమ్‌కి (ఇంజిన్ విడిగా గీసే 2డి వస్తువు) ఒకేసారి తగిలే లైట్లకి పరిమితి ఉంది, 15 దాటితే మిగతావి రాలిపోతాయి. టైల్‌మ్యాప్‌లేయర్ ఒక్కో టైల్‌ని విడిగా గీయదు, 16×16 టైళ్లని ఒక ముక్కగా గీస్తుంది. మీ టైల్ 16 పిక్సెళ్లు కాబట్టి ఒక ముక్క 256 పిక్సెళ్లు. స్క్రీన్ వెడల్పే 320. 20 కాగడాల హాల్లో ఒక ముక్కకి 16 లైట్లు తగలడం ఎంతసేపు? మీరు చూస్తున్న గీత రెండు ముక్కల సరిహద్దు.

ఇంకో మెలిక: లెక్కలోకి వచ్చేది కంటికి కనబడే గుండ్రటి వెలుగు కాదు, లైట్ టెక్స్చర్ చతురస్రం. మూలల్లో ఏమీ లేకపోయినా చతురస్రం ముక్కని తాకితే ఒక లైట్ ఖర్చయినట్టే. అందుకని ముందు కాగడాల టెక్స్చర్ స్కేల్ తగ్గించండి, 96 పిక్సెళ్ల వ్యాసం చాలు. అప్పటికీ తెగుతుంటే టైల్‌మ్యాప్‌లేయర్‌లో రెండరింగ్ క్వాడ్రంట్ సైజ్ 16 నుంచి 8కి దించండి. ముక్క 128 పిక్సెళ్లవుతుంది. డ్రా కాల్స్ కాస్త పెరుగుతాయి, ఈ సైజు గేమ్‌కి అదేం లెక్కలోది కాదు.

మిణుగురు99

అసలు 20 కాగడాలకీ నిజం లైట్లెందుకండీ? నీడ అవసరమున్న నాలుగైదింటికి పాయింట్‌లైట్2డి ఉంచండి. మిగతావాటికి అదే గ్రేడియెంట్‌తో స్ప్రైట్2డి పెట్టి, కాన్వాస్‌ఐటమ్‌మెటీరియల్‌లో బ్లెండ్ మోడ్ యాడ్, లైట్ మోడ్ అన్‌షేడెడ్ ఇవ్వండి. అన్‌షేడెడ్ లేకపోతే కాన్వాస్‌మాడ్యులేట్ దాన్నీ చీకటి చేసేస్తుంది. నారింజ రంగు, ఆల్ఫా 0.25 చుట్టూ. ఫోన్ మీద చాలా తేలిక, 15 లెక్కలోకి కూడా రాదు. లోపం ఏమిటంటే కింది రంగుల్ని వెలిగించదు, వాటి మీద పొగమంచులా రంగు పూస్తుంది. పూర్తి చీకట్లో మోసం తెలిసిపోతుంది, నిజం లైట్ పక్కనుంటే తెలియదు.

కాగడా మంట స్ప్రైట్‌కి, చీకట్లో మెరిసే కళ్లకి కూడా అన్‌షేడెడ్ మెటీరియలే పెట్టండి. మంటే మసకగా ఉంటే వెలుగెలా వస్తుందనిపిస్తుంది.

రెపరెపలాడించడానికి ప్రతి ఫ్రేమ్‌కీ రాండమ్ విలువ ఇవ్వొద్దు, పాడైన ట్యూబ్‌లైట్‌లా కొట్టుకుంటుంది. ఫాస్ట్‌నాయిస్‌లైట్ నుంచి కాలాన్ని బట్టి విలువ తీసుకుని ఎనర్జీని 0.9, 1.1 మధ్య తిప్పండి. ప్రతి కాగడాకి సీడ్ వేరుగా ఉండాలి, లేకపోతే అన్నీ కవాతు చేసినట్టు కలిసి ఊగుతాయి. స్క్రీన్ బయట ఉన్న లైట్లని స్క్రిప్టుతో ఆఫ్ చేస్తే ఇంకా మంచిది.

టైల్‌తాత

@మిణుగురు99, ఆఖరి మాట ఒక్కటే సరికాదు. స్క్రీన్‌కి తగలని లైట్లని ఇంజినే వదిలేస్తుంది, విజిబుల్ ఆఫ్ చేసి లాభం లేదు. ఆపాల్సింది రెపరెపల స్క్రిప్టుని. దానికి విజిబుల్‌ఆన్‌స్క్రీన్‌ఎనేబ్లర్2డి చాలు.

గుహలోగువ్వ

తెల్లబారడం, చదరం, కాగడాలు, నిలువు గీత అన్నీ పోయాయి. చాలా థాంక్స్ అండీ. ఇంకో రెండు. పారలాక్స్‌బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టిన అగాధం బొమ్మ మాత్రం పట్టపగలులా ఉంది. బండరాళ్లకి నార్మల్ మ్యాప్ (ఉపరితలం ఎటు తిరిగుందో లైట్‌కి చెప్పే బొమ్మ) పెడితే లాంతరు పైనుంటే కింద వెలుగుతోంది. అదీగాక రాళ్లన్నీ మునుపటికంటే నల్లగా అయ్యాయి.

దివిటీ

పారలాక్స్‌బ్యాక్‌గ్రౌండ్ అనేది లోపల ఒక కాన్వాస్‌లేయర్, దాని లేయర్ నంబర్ -100. వేరే కాన్వాస్ కాబట్టి మీ కాన్వాస్‌మాడ్యులేట్ దాన్ని తాకదు. స్కోరు, బటన్లు కాన్వాస్‌లేయర్‌లో పెడితే చీకటి పడనిదీ అందుకే. మీరు 4.3లోనే ఉన్నారు కాబట్టి పారలాక్స్2డి నోడ్‌కి మారిపోండి, అది మామూలు నోడ్2డి, చీకటీ వెలుగూ రెండూ పడతాయి. పాతదే ఉంచాలంటే దాని కింద ఇంకో కాన్వాస్‌మాడ్యులేట్ పెట్టి, లైట్ల రేంజ్‌లో లేయర్ మిన్ -100 చేయాలి. నేనైతే మారమనే అంటాను.

నార్మల్ మ్యాప్: గోడాట్‌కి ఓపెన్‌జిఎల్ పద్ధతి కావాలి, ఆకుపచ్చ ఛానెల్ పై వైపుని చూపాలి. మీది డైరెక్ట్ఎక్స్ పద్ధతిలో ఎగుమతైంది. నార్మల్ మ్యాప్‌లు తయారుచేసే లైగ్టర్ వాడుతుంటే అందులోనే వై అక్షం తిరగేసే ఆప్షన్ ఉంది, తిరగేసి మళ్లీ ఎగుమతి చేయండి. నల్లబడటానికి కారణం లైట్ హైట్ 0 కావడం: వెలుగు నేలకి సమాంతరంగా పాకుతోంది, మీ వైపు చూస్తున్న రాతి ముఖానికి ఏమీ అందట్లేదు. హైట్ 30 నుంచి మొదలుపెట్టండి. పెంచేకొద్దీ రాయి చదునుగా కనిపిస్తుంది, 20కి తగ్గిస్తే గరుకుదనం ఎక్కువవుతుంది.

మిణుగురు99

అడగలేదు గానీ, కాన్వాస్ ఐటమ్స్ మోడ్‌లో వెలుగు ఫోన్ పూర్తి రిజల్యూషన్‌లో లెక్కవుతుంది. మోటు పిక్సెళ్ల మీద నున్నటి గ్రేడియెంట్ అతికినట్టుండదు. స్ట్రెచ్ మోడ్ వ్యూపోర్ట్‌కి మారిస్తే వెలుగూ నీడా 320×180లోనే లెక్కవుతాయి, ఫోన్ మీద భారం కూడా బాగా తగ్గుతుంది. షాడో ఫిల్టర్ నన్‌లో ఉంచండి. నీడ అంచుల్ని మెత్తబరిచే పిసిఎఫ్13 పిక్సెల్ ఆర్ట్‌కి నప్పదు, ఖర్చూ ఎక్కువే. కాకపోతే వ్యూపోర్ట్ మోడ్‌లో తెలుగు అక్షరాలు కూడా 320×180లోనే పడతాయి. ఒత్తులు, గుడి, దీర్ఘాలు అలుక్కుపోతాయి. డైలాగులు తెలుగులో ఉంటే గేమ్‌ని మాత్రమే సబ్‌వ్యూపోర్ట్‌లో 320×180కి గీయించి, యుఐని బయట కాన్వాస్ ఐటమ్స్ మోడ్‌లోనే వదిలేయండి.