పాత చెస్ పుస్తకం నిండా గుర్తులే, మాటల్లేవు. ఎవరైనా విప్పి చెబుతారా?

నల్లకుంట నాన్న:
మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మావాడి కోసం పాత చెస్ ఇన్ఫార్మెంట్ ఒకటి కొన్నాను. నూట ఇరవై చెప్పి ఎనభైకి ఇచ్చాడు. ఇంటికొచ్చి తెరిస్తే అన్నీ ఆటలే, చదవడానికి ఒక్క వాక్యం లేదు. ! మంచి ఎత్తు, ? తప్పు, అంతవరకు తెలుసు. !? కీ ?! కీ తేడా ఏంటి? పడుకున్న ఎనిమిది (∞), ఖాళీ డబ్బా (□), ± ఇవేంటి? ఒకచోట ఎత్తు చివర ఇంగ్లీషు 'ఎన్' ఉంది. ఎన్ అంటే గుర్రమే కదా అని అరగంట సేపు బోర్డు మీద గుర్రాన్ని అటూ ఇటూ తిప్పాం. ఎక్కడ పెట్టినా ఆట కుదరలేదు.

ఇంకోటి. పోయిన టోర్నమెంట్‌లో మావాడు ఆట మధ్యలోనే, ఎత్తులు రాసే స్కోర్‌షీట్ మీద తన ఎత్తు పక్కన !! పెట్టుకున్నాడు. ఆర్బిటర్ (చెస్ అంపైర్) మందలించారు. పదకొండేళ్లవాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అదంత తప్పా?

పాత బంటు:
ఎనభైకే! మీ మీద అసూయగా ఉందండీ.

ఆ ఎన్ గుర్రం కాదు. అందులో పావులకు అక్షరాలుండవు, గుర్రానికి గుర్రం బొమ్మే ఉంటుంది. ఎన్ అంటే నావెల్టీ, అంతకుముందు ఎవరూ ఆడని ఎత్తు. 1966లో బెల్‌గ్రేడ్‌లో మొదలైన పుస్తకం. మనం ఎన్ అని రాసే గుర్రాన్ని జర్మన్లు ఎస్ అని రాస్తారు. ఏ భాషవాళ్లయినా చదువుకునేలా మాటలు తీసేసి గుర్తులు పెట్టారు. నేను తెలుగు మీడియం. ఇంగ్లీషు చెస్ పుస్తకాలంటే భయపడేవాణ్ణి గానీ దీన్ని మాత్రం దర్జాగా చదివాను.

∞ అంటే ఎవరిది పైచేయో తేలలేదని. □ అంటే ఆ ఒక్క ఎత్తే గతి. ± తెల్లపావులది పైచేయి, ∓ నల్లవాటిది. +− అని పక్కపక్కన ఉంటే తెల్ల గెలిచినట్టే.

!? అంటే ఆడి చూడొచ్చు, పూచీ లేదు. ?! అంటే అనుమానమే, కాకపోతే ఎదుటివాడు తడబడొచ్చు. నా సంగతే చెబుతా. ఒకసారి బిషప్‌ని హెచ్7 గడి మీద బలిచ్చి గెలిచాను. ఆ రాత్రే నోట్‌బుక్‌లో !! పెట్టుకున్నా. వారానికి, రాజు జీ6 మీదుగా తప్పించుకోవచ్చని కనిపించింది. చెరిపి !? రాశా. నెలకు ?! అయింది. ఆఖరికి ? పెట్టేసరికి ఆ చోట కాగితం చిరిగింది.

ఆదివారం ఆర్బిటర్:
మందలించింది నేను కాదు లెండి. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమాల ప్రకారం స్కోర్‌షీట్ మీద ఎత్తులు, గడియారం సమయం, డ్రా అడిగిన సంగతి, క్లెయిమ్ వివరాలు, అలాంటివే రాయాలి. సొంత మెప్పుకోలు కుదరదు. బాబుకు నెమ్మదిగా చెప్పి ఉండాల్సింది, అది ఒప్పుకుంటా. ఎవరైనా డ్రా అడిగితే (=) అని ఇద్దరూ రాయాలి. పిల్లలు ఎక్కువగా మర్చిపోయేది అదే, ముందు అది నేర్పండి. ఇంటికెళ్లాక ఎన్ని !! పెట్టుకున్నా అడిగేవాళ్లుండరు.

నల్లకుంట నాన్న:
ఇద్దరికీ థాంక్స్. రాత్రి ఆ !! ఆటే మళ్లీ బోర్డు మీద పరిచాం. నాలుగు ఎత్తులు తిరగకుండానే మావాడి ఏనుగు ఇరుక్కుంది. నేను ?? అన్నా. వాడు !? కి తగ్గనన్నాడు. వాళ్లమ్మ లైటు తీసేసింది. ప్రస్తుతానికి ∞.