అమెరికా నుంచి వచ్చిన 4కె డిస్కు మా బ్లూరే ప్లేయర్‌లో ఆడటం లేదు

కొర్లగుంట క్యాసెట్ షాపు:
స్వామీ, మాది తిరుపతి. మా నాయనకు కొర్లగుంటలో క్యాసెట్లు, సీడీలు అద్దెకిచ్చే షాపు ఉండేది. వీసీడీలో సినిమా రెండు డిస్కులుగా వచ్చేది కదా, రెండోది గీతలు పడి వాపసు వస్తే ఆయనకు ఆ పూట అన్నం సహించేది కాదు. పాత బనియన్ గుడ్డతో మధ్యలోంచి అంచుకు తుడిచేవాడు. నేను గుండ్రంగా తుడిస్తే చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

మొన్న అక్క డల్లాస్ నుంచి వస్తూ ఆయన కోసం 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూరే తెచ్చింది. మేము 2012లో కొన్న బ్లూరే ప్లేయర్‌లో పెడితే కాసేపు గిర్రున తిరిగి ఆగిపోతోంది. పాడయింది డిస్కా, ప్లేయరా? నాయన దాన్ని ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసి, "ఒక్క గీత కూడా లేదు కదరా" అని బాధపడుతున్నాడు.

చిత్తూరు సౌండ్:
రెండూ బాగానే ఉన్నాయన్నా, టెన్షన్ వద్దు. డీవీడీ నుంచి దీని దాకా అన్నీ 12 సెంటీమీటర్లే, అందుకే అందరూ పొరపడతారు. బ్లూరేలో ఒక పొరకు 25 జీబీ పడుతుంది. 2016లో వచ్చిన ఈ రకంలో పొరకు ఇంకా ఎక్కువ పట్టి, మూడు పొరలుంటే 100 జీబీ దాకా పడుతుంది. వీడియో కూడా హెచ్.265లో, అంటే వీడియోను కుదించి పెట్టే కొత్త పద్ధతిలో ఉంటుంది. పాత ప్లేయర్‌కు అది చదవడం రాదు, అప్‌డేట్ చేసినా లాభం లేదు. డబ్బాలో రెండో డిస్కు ఉందేమో చూడండి, చాలావాటిలో మామూలు బ్లూరే కూడా పెడతారు.

తిరుచానూరు రోడ్డు:
ఆ రెండోదానికి రీజియన్ లాక్, అంటే ఒక ప్రాంతం డిస్కు వేరే ప్రాంతం ప్లేయర్‌లో ఆడకుండా వేసే తాళం ఉండొచ్చు. బ్లూరేలో అమెరికాది ఎ, మనది సి. 4కె డిస్కుకు మాత్రం ఆ గొడవ లేదు. ఇంట్లో పిల్లల గేమ్ మెషిన్, డిస్కు పెట్టే రకం ప్లేస్టేషన్ 5 ఉంటే అందులో ఆడుతుంది, 4 ప్రోలో ఆడదు. తుడవడం విషయంలో మీ నాయనగారి పద్ధతే కరెక్ట్. డీవీడీలో డేటా 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటే, బ్లూరేలో 0.1 లోనే ఉంటుంది. పైన గట్టి కోటింగ్ వేసినా సరే, జాగ్రత్తగానే పట్టుకోవాలి.

కొర్లగుంట క్యాసెట్ షాపు:
ఉంది స్వామీ! కాగితాల కింద ఉంది. పెట్టగానే ఆడింది. నాయన కళ్లజోడు పెట్టుకుని ఆఖరి పేర్లు వెళ్లేదాకా లేవలేదు. కొత్త ప్లేయర్ కొందామంటే, అటక మీదున్న మూడు అట్టపెట్టెల షాపు డిస్కులూ ఆడాలంటున్నాడు.

చిత్తూరు సౌండ్:
4కె ప్లేయర్‌లో డీవీడీలు, బ్లూరేలు ఆడతాయి. వీసీడీల సంగతి మోడల్‌ను బట్టి ఉంటుంది. కొనేటప్పుడు నాయనను, ఒక వీసీడీని వెంటబెట్టుకుని వెళ్లి, షాపులోనే పెట్టించి చూడండి.